పాత కారు క్రోమ్ తళతళలాడాలంటే

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వెళ్ళిపోయింది. అయినా మన ఊళ్ళలో పెంకుటిల్లు పక్కన షెడ్డులోనో, అపార్ట్‌మెంటు సెల్లార్లో ఓ మూలనో ఈ బండ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. తాతగారి బండి అని అమ్ముకోలేక ఉంచుకున్నవి కొన్ని, ముచ్చటపడి కొనుక్కున్నవి కొన్ని. ఇంజను పని మెకానిక్కుకు, రంగు పని టింకరింగ్ షాపుకు వదిలేయక తప్పదు. బంపర్లు, గ్రిల్లు, హెడ్‌లైట్ రింగులు, వీల్ కప్పులు, తలుపు పిడులు మాత్రం ఇంటి ముందు నీడలో కూర్చుని మనమే మెరిపించుకోవచ్చు. ఖర్చు తక్కువ. ఓపిక మాత్రం కావాలి.

పనిలోకి దిగేముందు ఒక్క సంగతి. బంపర్ మొత్తం క్రోమ్ కాదు. లోపల ఇనుప రేకు, దాని మీద సాధారణంగా రాగి, ఆపైన నికెల్, అన్నిటికన్నా పైన క్రోమియం. ఈ చివరి పొర చాలాసార్లు ఒక మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. మన తల వెంట్రుక మందమే పదుల మైక్రాన్లు ఉంటుంది. క్రోమియం తనంతట తాను తుప్పు పట్టదు. పొరలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు, పగుళ్ళు ఉంటాయి. వాటిగుండా తడి కిందికి దిగి ఇనుమును పట్టుకుంటుంది. పైన కనిపించే గోధుమరంగు చుక్క ఆ ఇనుముదే. అందుకే మెరుపు తగ్గిందనగానే గట్టిగా రుద్దేయడం మొదటి పొరపాటు. ఉన్న పొరను కాపాడుకుంటూ, తడి నిలవకుండా చూడటమే అసలు పని.

1. ముందు అయస్కాంతం తీసుకోండి. ఫ్రిజ్ మీద అంటించే బిళ్ళ చాలు. గీతలు పడకుండా మధ్యలో పల్చటి గుడ్డ పెట్టి ఒక్కో భాగానికి ఆనించి చూడండి. బంపర్‌కు గట్టిగా అతుక్కుంటే అది ఇనుము మీద క్రోమ్. అతుక్కోకపోతే జింకు పోత ముక్క కావచ్చు, స్టెయిన్‌లెస్ స్టీలు కావచ్చు, అల్యూమినియం పట్టీ కావచ్చు, పూత పూసిన ప్లాస్టిక్ కావచ్చు. చేతికి చల్లగా, బరువుగా తగిలితే లోహం. గోటితో కొడితే టకటకమని బోలు శబ్దం వస్తే ప్లాస్టిక్. ప్లాస్టిక్ మీది మెరుపు మరీ సున్నితం. దానికి సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ తప్ప ఇంకేమీ తగలకూడదు. యానోడైజ్ చేసిన అల్యూమినియం పట్టీలకూ పాలిష్ పనికిరాదు, రుద్దితే పైపొర పోయి బూడిదరంగుకు తిరుగుతాయి. ఇంకో మాట. కార్లకు క్రోమ్ పూత వచ్చింది 1920ల నడిమి నుంచే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్ రాయిస్ 1912 నాటిది, అంటే క్రోమ్ కాలానికి ముందుది. ఆ కాలపు బండ్లకు ఇత్తడి, నికెల్ సామాను ఉండేవి కాబట్టి ఈ చిట్కాలన్నీ వాటికి వర్తించవు.

2. ఎండలో నిలబెట్టిన బండి మీద ఎప్పుడూ పని మొదలుపెట్టకండి. వేసవి మధ్యాహ్నం బంపర్ మీద చెయ్యి పెట్టలేం కదా. ఆ వేడికి సబ్బునీళ్ళు, పాలిష్ తుడిచేలోపే ఎండి మరకలు కడతాయి. పొద్దున్నే గానీ, సాయంత్రం లోహం చల్లబడ్డాక గానీ పట్టుకోండి.

3. దుమ్ము పొడిగుడ్డతో తుడవకండి. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది. పొడిగా తుడిస్తే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. ముందు ధారగా నీళ్ళు పోసి దుమ్మును జార్చేయాలి. తర్వాత బకెట్‌లో కార్ షాంపూ కలిపి మెత్తని గుడ్డతో కడగాలి. గ్రిల్ పట్టీల సందులకు, బంపర్ గార్డుల అడుగుకు, హెడ్‌లైట్ రింగు అంచుకు పాత టూత్‌బ్రష్షు కన్నా మంచి పనిముట్టు లేదు. తారు మరకలుంటే గుడ్డ కొసకు కాస్త కిరోసిన్ అద్ది, ఆ మరక మీదే నిమిషంసేపు ఆనించి తుడవండి. తర్వాత మళ్ళీ సబ్బునీళ్ళు.

4. బోరు నీళ్ళతో కడిగి వదిలేస్తే తెల్లటి చుక్కలు మిగులుతాయి. హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో ఇదే బాధ. నీళ్ళు ఆరిపోతాయి, అందులోని సున్నం మిగిలిపోతుంది. రెండు మార్గాలున్నాయి. ఒకటి, కడిగిన వెంటనే చుక్క ఎండకుండా తుడిచేయడం. రెండోది, చివరి విడత కడగడానికి ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి ఉంచుకోవడం. అది గాలిలోని తేమే కాబట్టి సున్నం దాదాపు ఉండదు, ఖర్చూ లేదు. ఇప్పటికే చుక్కలు కట్టి ఉంటే వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి గుడ్డ తడిపి, రెండు నిమిషాలు ఆనించి, తుడిచి, మంచినీళ్ళతో బాగా కడిగేయండి. పక్కన ఇల్లు కడుతుంటే ఎగిరిపడ్డ సిమెంటు తుంపరలకూ ఇదే మందు, కాకపోతే రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు.

5. గుడ్డ విషయంలో పిసినారితనమే మేలు చేస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు పంచె ముక్కలు చాలా బాగుంటాయి. అంచు, జరీ కత్తిరించేయండి. చొక్కా అయితే గుండీలు, కుట్లు తీసేయండి. పాలిస్టర్ గుడ్డలు తడి పీల్చవు. నేల మీద పడ్డ గుడ్డను దులిపి మళ్ళీ వాడొద్దు, పక్కన పడేయండి.

6. తుప్పు చుక్కలకు అల్యూమినియం ఫాయిల్. హోటల్ పార్శిల్ వచ్చిన ఫాయిల్ అయినా ఫరవాలేదు, నూనె కడిగేస్తే చాలు. ఇనుము మీది క్రోమ్‌కు మాత్రమే ఈ పద్ధతి. అల్యూమినియం క్రోమియం కన్నా చాలా మెత్తన కాబట్టి నిబ్బరంగా ఉన్న పూతను అది సులువుగా గీరలేదు, తుప్పును మాత్రం లేపేస్తుంది.

బంపర్ పక్కన రంగుకు, రబ్బరుకు మాస్కింగ్ టేపు అంటించండి. ఫాయిల్‌ను అరచేతిలో పట్టేంత ముక్కగా చించి, ఉండలా నలపండి. నీళ్ళలో ముంచి, చుక్క ఉన్నచోట వేలి ఒత్తిడితో రుద్దండి. భుజం బలం అక్కర్లేదు. కాసేపటికి నీళ్ళు గోధుమ బూడిద కలిసిన బురదలా మారతాయి. అది ఎండకముందే తడిగుడ్డతో తుడిచి చూడండి. ఫాయిల్ అరిగిపోతే కొత్త ముక్క తీసుకోండి. మొదటిసారి చేసేవాళ్ళు బంపర్ అడుగు అంచున, ఎవరికీ కనిపించనిచోట ప్రయత్నించి చూసుకుంటే మంచిది.

తుప్పు పోయాక ఆ చోటును వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూడండి. గుండుసూది మొనంత నల్లటి గుంటలు కనిపిస్తే అక్కడ పూత ఎప్పుడో పోయింది. ఎంత రుద్దినా అవి పూడవు, చుట్టూ ఉన్న మంచి పూత కూడా అరుగుతుంది. అక్కడితో ఆపండి. ఆ గుంటలు ఇప్పుడు నోరు తెరుచుకుని ఉన్నాయి కాబట్టి తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, అదే రోజు మైనం పట్టించాలి. రేపు చూద్దాంలే అని వదిలేస్తే, వానాకాలం గాలికి ఆ చుక్కలు మళ్ళీ వచ్చేస్తాయి.

7. కూల్‌డ్రింకుతో తోమితే తుప్పు పోతుందన్న మాటలో కొంత నిజముంది. కోలాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది తుప్పు మీద పనిచేస్తుంది. కానీ చక్కెర కూడా ఉంటుంది. సరిగ్గా కడగకపోతే జిగురుగా మిగిలి దుమ్మును, చీమలను పిలుస్తుంది. ఫాయిల్‌కు ఉత్త నీళ్ళు చాలు అని నా అభిప్రాయం. ఇక చింతపండు, నిమ్మచెక్క, ఉప్పు కలిపి ఇత్తడి బిందెలు తోమినట్టు బంపర్‌ను తోమడం మాత్రం వద్దే వద్దు. పులుపు ఒక్కటే అయితే కడిగేస్తే పోతుంది. ఉప్పు ఆ సన్నని రంధ్రాల్లోకి దిగిందంటే తుప్పుకు మనమే విత్తనం వేసినట్టు.

8. ఇవి బండి దగ్గరకు రానివ్వకండి: టాయిలెట్ కడిగే యాసిడ్ లిక్విడ్, బ్లీచింగ్, గిన్నెలు తోమే స్టీలు పీచు, ఆకుపచ్చ స్క్రబ్బరు, ఎమ్రీ పేపరు, ఇత్తడి సామానుకు వాడే గరుకు పొడులు. టాయిలెట్ లిక్విడ్లలో చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ప్లేటింగ్ షాపువాళ్ళు పాత క్రోమ్‌ను ఊడదీయడానికి వాడే రసాయనాల్లో అదొకటి. ఇంతకన్నా చెప్పాల్సిన పని లేదు. చాలా సన్నని రకం ఉక్కు ఉన్ని పాత బండ్ల పనివాళ్ళు కొందరు వాడతారు, చెయ్యి తిరిగినవాళ్ళకు అది కుదురుతుంది. దాని నూగు సందుల్లో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలు పెడుతుంది కాబట్టి ఇంట్లో వద్దంటాను.

9. మెటల్ పాలిష్ ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి అక్కర్లేదు. క్రోమ్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. బ్రాసో లాంటివి మెరుపు తెస్తాయి గానీ వాటిలోనూ సన్నని గరుకు పొడి ఉంటుంది, ప్రతి ఆదివారం పట్టిస్తే పొర అరగడం ఖాయం. బఠాణీ గింజంత పాలిష్ గుడ్డ మీద వేసుకుని, జానెడు మేర తీసుకుని, పొడవునా రుద్ది, ఆరేలోపు శుభ్రమైన గుడ్డతో తుడిచి, తర్వాత ముందుకు జరగండి. అంచుల దగ్గర, మలుపుల దగ్గర చెయ్యి తేలిక చేయండి. ఎక్కువసార్లు గుడ్డ తగిలి పూత ముందు అరిగేది అక్కడే.

ఎక్కడైనా నీలిఛాయ తళుకు పోయి పసుపుఛాయ మెరుపు కనిపిస్తే క్రోమ్ అరిగి నికెల్ బయటపడిందని అర్థం. దానికి ఇక పాలిష్ వద్దు, మైనం మాత్రమే. గులాబీ ఎరుపు కనిపిస్తే రాగి దాకా వచ్చేసింది.

10. మైనం పట్టించడమే అన్నిటిలోకీ ముఖ్యం, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. మెరుపు వచ్చేసింది కదా అని లేచిపోతారు. కార్ల షాపుల్లో దొరికే కార్నౌబా మైనం పల్చగా పూసి, తెల్లగా మసకబారాక, పొడిగుడ్డతో తుడిచేయండి. పైకి ఏమీ కనిపించదు. నీళ్ళు చిలకరిస్తే ముత్యాల్లా జారిపోవాలి, అదే పరీక్ష. రెండు మూడు నెలలకోసారి, ఏం మరచినా తొలకరికి ముందొకసారి తప్పకుండా. బండిని నెలల తరబడి కదపరు అనుకుంటే మైనం బదులు వ్యాజ్‌లైన్ పల్చగా రాసి వదిలేయవచ్చు. బయటికి తీసే రోజు సబ్బునీళ్ళతో కడిగేస్తే సరి.

11. డ్రైవర్లకు పాత అలవాటొకటి ఉంది. డీజిల్ గుడ్డతో బంపర్ను ఒక్క తుడుపు తుడిస్తే వెంటనే నిగనిగలాడుతుంది. కొబ్బరినూనె వాడేవాళ్ళూ ఉన్నారు. సాయంత్రానికి దుమ్మంతా దాని మీదే. మర్నాడు తుడిచేటప్పుడు ఆ నూనె, ఇసుక కలిసి గరుకు పాలిష్‌లా పనిచేస్తాయి. పెళ్ళికి వెళ్ళే పూట మెరుపు కోసం అయితే సరే, ఇంటికి రాగానే కడిగేయండి.

12. బంపర్ వెనక్కి చూశారా? చాలామంది చూడరు. ముందు వైపు పూత బాగా ఉంటుంది, వెనక వైపు అంతంతమాత్రం. చక్రాలు చిమ్మిన బురద అక్కడే పేరుకుని, తడిసి, ఎండి, మళ్ళీ తడిసి లోపలినుంచి ఇనుమును తింటుంది. ముందు వైపు చిన్న పొక్కు లేచిందంటే వెనకాల చాలాకాలంగా కథ నడుస్తోందన్నమాట.

వీలైతే ఒకసారి బంపర్ను విప్పించండి. బోల్టులు తుప్పుపట్టి తిరగకపోతే ముందురోజు రాత్రే కిరోసిన్ గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టి ఉంచండి. బలవంతంగా తిప్పితే బోల్టు తెగుతుంది, చిరాకంతా అక్కడే. విప్పాక వెనక వైపు ఇనుప బ్రష్షుతో నిర్భయంగా గీకొచ్చు, అక్కడ మెరుపుతో పని లేదు. దుమ్ము తుడిచి, ఒక చెయ్యి రెడ్ ఆక్సైడ్, ఆరాక దాని మీద అల్యూమినియం పెయింటు వేయండి. విప్పడం కుదరకపోతే నీళ్ళ పైపు వెనక్కి పెట్టి బురద వదిలించి, ఆరాక చేతికి తొడుగు వేసుకుని గ్రీజు పూసేయండి. చూసేవాళ్ళు మెచ్చుకోని పని ఇది. బంపర్ ఇంకో పదేళ్ళు నిలవాలంటే మాత్రం పైన చెప్పిన పాలిష్‌ల కన్నా ఇదే నయం.

13. దసరా ఆయుధపూజ. పూజ మానమని ఎవరూ చెప్పరు, చెప్పినా ఎవరూ వినరు. కాస్త జాగ్రత్త పడితే చాలు. పూజకు ముందురోజే కడిగి మైనం పట్టించండి. అప్పుడు గంధం, పసుపు, కుంకుమ బొట్లు పైపైనే ఉంటాయి. తడి పసుపు ముద్ద రోజుల తరబడి ఉంటే దాని కింద చెమ్మ నిలుస్తుంది, పక్కనున్న తెల్ల రంగుకు, రబ్బరుకు మరక పడుతుంది. మర్నాడు బొట్లను గోటితోనో బ్లేడుతోనో గీకకుండా తడిగుడ్డ కాసేపు ఆనించి నాననిచ్చి తుడవండి. కొబ్బరికాయ బండి ముందు కొట్టినప్పుడు నీళ్ళు గ్రిల్ మీద చిందుతాయి, మంచినీళ్ళతో కడిగేయండి. బంతిపూల దండను తీగతో కాకుండా దారంతో కట్టండి. వాడిన దండను గ్రిల్ మీదే వచ్చే వారం దాకా ఉంచకండి.

దిష్టికి కట్టే నిమ్మకాయ, మిరపకాయల సంగతి వేరే చెప్పాలి. ఇనుప తీగకు గుచ్చి బంపర్‌కు వేలాడదీస్తారు. బండి ఊగినప్పుడల్లా ఆ తీగ పూతను గీరుతుంది. గుచ్చినచోట నిమ్మరసం కారి ఆ గీత మీదే చేరుతుంది. తీగ తుప్పుపట్టి ఆ మరక కూడా దానికే తోడు. పాత టాక్సీల ముందు బంపర్ నడుమ, సరిగ్గా అదే చోట, నిలువుగా ఒక గోధుమ చార కనిపిస్తుంటుంది. దారంతో కట్టి, బంపర్‌కు తగలకుండా కింద నంబరు ప్లేటు బిగింపు నుంచి వేలాడేస్తే దిష్టీ పోతుంది, క్రోమూ ఉంటుంది.

14. సముద్రం దగ్గర ఉండేవాళ్ళకు పని రెట్టింపు. విశాఖ, కాకినాడ, బందరుల్లో ఉప్పుగాలి బండి మీద కంటికి కనపడని పొరలా కూర్చుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి వాన పడకపోయినా లోహం తడిగానే ఉన్నట్టు లెక్క. అనంతపురం లాంటి పొడి నేలలో ఏళ్ళు నిలిచే బంపర్ తీరాన అంతకాలం నిలవదు. బండి తీసినా తీయకపోయినా వారానికోసారి మంచినీళ్ళతో కడిగి తుడవాలి. బీచ్ రోడ్డుకు షికారు వెళ్ళొస్తే అదే రోజు.

15. తలుపు పిడులు, బానెట్ మీది గుర్తులు, అక్షరాలు చాలా బండ్లలో జింకు పోతలు. వీటికి గోధుమ తుప్పు రాదు, తెల్లటి పొక్కులు లేస్తాయి. పొక్కును గీకితే పూత పెచ్చుగా ఊడి, కింద గుంట తేలుతుంది. ఫాయిల్, ఆమ్లాలు వీటికి వద్దు. కడగడం, తుడవడం, మైనం, అంతే.

16. వీల్ కప్పులు తీసి కడగండి. లోపలి వైపు తడి మట్టి ఉంటుంది. తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ కొసకు గుడ్డ చుట్టండి.

17. ప్లాస్టిక్ షీటు కప్పకండి. రెగ్జిన్, టార్పాలిన్ కూడా అంతే, లోపల చెమ్మ పట్టి ఉంచుతాయి. తెల్లారి తీసి చూస్తే క్రోమ్ మీద మంచు కురిసినట్టు బొట్లు ఉంటాయి. గాలి ఆడే నూలు కవరు మంచిది. తడిసిన బండి మీద ఏ కవరూ వేయకూడదు.

18. మళ్ళీ ప్లేటింగ్ చేయించాల్సి వస్తే తొందరపడకండి. పొక్కులు, పెచ్చులు, వేలు పెడితే తెలిసే గుంటలు ఉంటే ఇంటి చిట్కాలు పనిచేయవు. ఇంట్లో సొంతంగా ప్లేటింగ్ చేసే ఆలోచన మాత్రం వద్దు. ఆ పనిలో వాడే క్రోమియం ద్రావణాలు విషం, క్యాన్సర్ కారకాలు కూడా.

షాపులో అడగాల్సినవి కొన్నున్నాయి. పాత పూత పూర్తిగా ఊడదీస్తారా, లేక దాని మీదే వేస్తారా? కింద రాగి, నికెల్ వేస్తారా, లేక పైన మెరుపు మాత్రమేనా? తక్కువ ధరకు చేసేచోట కోత పడేది నికెల్‌లోనే, అది తెలిసేది రెండో వానాకాలంలో. నొక్కులుంటే ప్లేటింగ్‌కు ముందే టింకరింగ్ చేయించాలి, పూత ఏ లోపాన్నీ దాచదు, పైగా ఎత్తి చూపిస్తుంది. జింకు ముక్కలు ఇస్తుంటే అవి జింకువని ముందే చెప్పండి. ఇనుముకు వాడే యాసిడ్ తొట్టిలో వేస్తే ఆ ముక్క కరిగిపోయే ప్రమాదముంది. గుర్తుల మీది అక్షరాల అంచులు బఫింగులో అరిగిపోతాయి, తేలిగ్గా పట్టమని అడగండి. ఇచ్చేముందు ప్రతి ముక్కకూ ఫోటో తీసి ఉంచుకుంటే, మన పిడి మనకే వచ్చిందో లేదో తేల్చుకోవచ్చు.

విజయవాడ ఆటోనగర్లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికితే పాత బండ్ల సామాను దొరక్కపోదు. పల్చటి రేకుతో చేసిన కొత్త నకలు బంపర్ కన్నా, గుంటలు పడ్డా రేకు గట్టిగా ఉన్న పాత అసలు బంపర్‌కు ప్లేటింగ్ చేయించడమే నాకు ఇష్టం.

19. తుప్పు కనిపించగానే సిల్వర్ పెయింటు కొట్టేసే అలవాటు మనవైపు బాగా ఉంది. అది మెరవదు, కింద తుప్పును ఆపదు కూడా. మీరు కొన్న బండికి ముందు యజమాని అలా వేయించి ఉంటే నిరాశపడక్కర్లేదు. ఇనుప బంపర్ అని అయస్కాంతంతో తేల్చుకుని, గాలి ఆడేచోట, చేతి తొడుగులు వేసుకుని, గుడ్డకు థిన్నర్ అద్ది, ఒక మూల తుడిచి చూడండి. చుట్టూ బండి రంగు మీద థిన్నర్ పడకుండా టేపు, దాని మీద కాగితం అంటించండి. కింద సగానికి సగం క్రోమ్ బాగానే ఉండి ఉండవచ్చు. అలా ఉంటే మూడో చిట్కా నుంచి మొదలుపెట్టండి.